మేడ మీద గదిలో బాల్ పైథాన్: పాము కంటే ముందు పెట్టె రావాలి

ప్రశ్న: మాది కాశీబుగ్గ. నాకు 27 ఏళ్లు. జీడిపప్పు వ్యాపారంలో లెక్కలు చూస్తాను. విశాఖలో నా స్నేహితుడు రెండేళ్ల ఆడ బాల్ పైథాన్‌ను పెంచుతున్నాడు. జులైలో ఉద్యోగం మీద విదేశం వెళ్తూ దాన్ని నన్ను తీసుకోమంటున్నాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా చేతిలోకి తీసుకుంటాను, భయం లేదు. మాది డాబా ఇల్లు, మేడ మీద గది నాది. రెండడుగుల పాత చేపల తొట్టె ఖాళీగా ఉంది. అందులో బల్బు పెడితే చాలా? కోడిమాంసం ముక్కలు తింటుందా? అమ్మ "ఆ పాము గుమ్మం దాటితే నేను మా కన్నోరింటికి ఎలిపోతాను" అంటోంది. మామ్మ మాత్రం నాగులచవితికి ఇంట్లోనే పాలు పోయొచ్చని సంబరపడుతోంది. అక్క కూడా ఏడాది బిడ్డతో నెలకోసారి వస్తుంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: తొట్టె గురించి అడిగారు, బల్బు గురించి అడిగారు, కోడిమాంసం గురించి అడిగారు. మీ స్నేహితుడి దగ్గర ఆ పాముకు కాగితాలున్నాయో లేదో మాత్రం రాయలేదు. నేను అక్కడే మొదలుపెడతాను. అవి లేకపోతే కింద రాసిందంతా మీరు చదవనక్కర్లేదు.

బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు. ఘనా, టోగో, బెనిన్ లాంటి ఆఫ్రికా దేశాల్లో, ఎలుకల బొరియల్లో పగలంతా పడుకుని రాత్రి బయటికొచ్చే పాము. దేశాల మధ్య జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం సైటిస్. దాని రెండో అనుబంధం జాబితాలో ఇది ఉంది. 2022లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించాక, ఆ జాబితాలో ఉన్న ప్రాణిని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు దాన్ని నమోదు చేయించాలి. దానికి నియమాలు 2024 ఫిబ్రవరిలో వచ్చాయి, దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో పెట్టాలి. చేతులు మారినా చెప్పాలి, పిల్లలు పుట్టినా చెప్పాలి, చచ్చిపోయినా చెప్పాలి. మీ చేతికొచ్చాక మీకు 30 రోజుల గడువు. కాబట్టి స్నేహితుణ్ని మొహమాటం లేకుండా నమోదు పత్రం చూపించమనండి. "అవన్నీ ఎవడడుగుతాడ్రా" అని నవ్వేశాడనుకోండి, మీరూ నవ్వేసి వద్దనండి. పత్రం ఉంటే, పేరు మార్పు ఎలాగో మీ దగ్గరి అటవీశాఖ ఆఫీసులో జులై రాకముందే కనుక్కోండి.

ఇది చదివి ఇంకెవరికైనా ఉత్సాహం పుడుతుందేమో, వాళ్లకూ ఒక మాట. పొలంలో దొరికిన కొండచిలువ పిల్లనో, రెండు తలల పామునో తెచ్చి పెంచుకోవడం నేరం. మన కొండచిలువ అదే చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పట్టుకుంటే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. "ఇది కూడా పైథానే కదా" అనే వాదన అక్కడ పనికిరాదు.

ఇక మీ చేపల తొట్టె. దాన్ని మళ్లీ చేపలకే వాడుకోండి. ఆడ బాల్ పైథాన్ నాలుగు, నాలుగున్నర అడుగుల దాకా పెరుగుతుంది. పెట్టె కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. కొలతలు సరే, తొట్టెతో అసలు ఇబ్బంది వేరే ఉంది. నాలుగు వైపులా అద్దమే కాబట్టి పాముకు ఎటు చూసినా ఎవరో తిరుగుతున్నట్టే ఉంటుంది. మూత పైన ఉంటుంది కాబట్టి మీ చెయ్యి ఎప్పుడూ పైనుంచే దిగుతుంది. అడవిలో పైనుంచి దిగేవి గద్ద గోళ్లు. అది తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. బాల్ పైథాన్ అన్న పేరు అలా వచ్చిందే. వాళ్లింట్లో చేతిలోకి తీసుకున్నప్పుడు ముద్దుగా బంతిలా చుట్టుకుని ఉంటే, అది మచ్చిక అని మీరు అనుకుని ఉంటారు. చాలాసార్లు అది భయం.

మీ ఊళ్లో వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె చేయించండి. మూడు వైపులా చెక్క, ముందు మాత్రం స్వీటు షాపు షోకేసుకు ఉన్నట్టు పక్కకు జరిపే అద్దాలు, వాటికి అదే షోకేసు తాళం. గాలి ఆడటానికి రెండు పక్కల గోడలకు పై భాగంలో సన్నటి చిల్లులు. లోపలి అతుకులన్నీ మూసి, తేమకు చెక్క ఉబ్బకుండా పూత వేయించండి. ఆ వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు వారాలు ఆరబెట్టాలి. తాళం సంగతిలో వడ్రంగి "ఎందుకు బాబూ, పామేమన్నా అద్దం జరుపుతుందా" అంటాడు. జరుపుతుంది. ముక్కుతో తోసి తోసి, వేలు దూరేంత సందు చేసుకుని జారిపోతుంది.

లోపల రెండు గూళ్లు కావాలి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. ఒక్కటే పెడితే పాము దాక్కోవడానికి వేడిని వదులుకోవాలి, లేదా వేడికోసం చాటును వదులుకోవాలి. వీటికి ఆన్‌లైన్‌లో కొనే ప్లాస్టిక్ గుహలు అక్కర్లేదు. కుమ్మరి దగ్గర రెండు మట్టి చట్టీలు తెచ్చి, అంచు దగ్గర పాము ఒళ్లు పట్టేంత కన్నం చేయించి, బోర్లించండి. కన్నం అంచు గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. చట్టీ పెద్దదైతే మంచిదనుకోకండి. చుట్టుకుని పడుకున్నప్పుడు వీపు గోడలకు ఆనాలి, అప్పుడే దానికి ధైర్యం. నీళ్లకు బరువైన గిన్నె పెట్టండి, తిరగబడకుండా.

ఇప్పుడు బల్బు. ఇంటర్నెట్‌లో మీరు చూసే వీడియోల్లో ఎక్కువ భాగం చలి దేశాలవాళ్లు చేసినవి. గది 18 డిగ్రీలు ఉంటుంది, దాన్ని ఎలా వేడెక్కించాలన్నదే వాళ్ల బాధ. మీది కాశీబుగ్గ. మేడ మీద గది. మే నెల. మీ బాధ దానికి సరిగ్గా తలకిందులు.

పాముకు కావలసింది ఇది: పెట్టెలో ఒక వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు, రెండో వైపు 25 నుంచి 27. తనకు వేడి కావాలంటే ఇటు, చల్లదనం కావాలంటే అటు అదే వెళ్తుంది. దాని ఒంట్లో వేడి పుట్టదు కాబట్టి అలా అటూ ఇటూ తిరగడమే దాని బతుకు. పెట్టె మొత్తం 35 దాటితే దానికి పోవడానికి చోటు లేదు, ఆ పైన గంటలు గడిచేకొద్దీ ప్రాణం మీదికి వస్తుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మాత్రం మీకూ హీటర్ కావాలి. ఒక వైపు అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచటి చాప) గానీ, పైన జాలీ కట్టిన సిరామిక్ హీటర్ గానీ చాలు. ఏది పెట్టినా థర్మోస్టాట్ (వేడి మనం పెట్టిన అంకెకు చేరగానే కరెంటు ఆపేసే పరికరం) లేకుండా ప్లగ్గులో పెట్టొద్దు.

ఈ మాట అనుభవం మీద చెప్తున్నాను. విజయనగరంలో మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఒక బాల్ పైథాన్ ఉంది. మొదటి ఏడాది హీట్ మ్యాట్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టేశాను. పెట్టె గోడకు అంటించిన గుండ్రటి థర్మామీటర్ 31 చూపిస్తోంది, నేను నిశ్చింతగా ఉన్నాను. ఓ రోజు పెట్టె తుడుస్తూ చెయ్యి అడుగుకు ఆనిస్తే అట్లపెనం తగిలినట్టు చురుక్కుమంది. తీగ చివర సెన్సర్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ తెచ్చి అక్కడ పెడితే 43. పామును ఎత్తి చూస్తే పొట్ట కింద పొలుసులు నాలుగు వేళ్ల మేర గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. ఈ పాములకు పొట్ట కాలుతున్నా లేచి పోవాలని తోచదు. రెండు కుబుసాలు విడిచాక గానీ ఆ మచ్చ పోలేదు. గోడ థర్మామీటర్ అబద్ధం చెప్పలేదు, గోడ దగ్గర 31 ఉన్నమాట నిజమే. పాము మాత్రం గోడ మీద పడుకోదు. వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి సెన్సర్ పెట్టండి, రెండూ నేల మీదే ఉండాలి.

వేసవికి నా సలహా: ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా పెట్టెను కింది గదిలో, ఎండ తగలని గోడ పక్కకు దించండి. హీటర్ తీసెయ్యండి. మరీ ఉడికిపోయే మధ్యాహ్నాలు గడ్డకట్టించిన నీళ్ల సీసాను తువ్వాల్లో చుట్టి, చల్లటి వైపు పెట్టె పైన పెట్టండి, లోపల పెట్టొద్దు. ఏసీ ఉంటే 27 మీద వెయ్యండి, అయితే ఏసీతో గాలి పొడిబారుతుందని గుర్తుంచుకోండి. మీ ఇంటికి దగ్గర్లో జీడిపిక్కలు కాల్చే బట్టీ ఉంటే ఆ పొగ వచ్చే కిటికీ దగ్గర మాత్రం పెట్టకండి. వీటి ఊపిరితిత్తులు పొగకు ఆగవు.

పెట్టె కింది గదికి దిగుతుందంటే అమ్మ ఏమంటారో నాకు తెలుసు. ఆ సంగతికి వస్తాను.

తుపాను గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మీ పలాస దగ్గరే తీరం దాటింది, ఆ తర్వాత ఎన్ని రాత్రులు చీకట్లో గడిపారో మీ ఇంట్లోవాళ్లకు గుర్తుంటుంది. అలాంటప్పుడు పాము గురించి పెద్దగా కంగారు వద్దు. అక్టోబరులో మనకు గది 26, 27 ఉంటుంది, ఆ మాత్రంతో అది వారం రోజులు గడిపేస్తుంది. చెయ్యకూడని పని ఒక్కటే, కరెంటు లేని రోజుల్లో తిండి పెట్టడం. వేడి లేకపోతే అరగదు. లోపలి ఎలుక కుళ్లుతుంది, పాము కక్కేస్తుంది, ఆ కక్కు దాన్ని బాగా దెబ్బతీస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిందంటే ఆ వారం ఎలుక మానెయ్యండి.

తేమ 60, 70 శాతం మధ్య ఉండాలి. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు ఇది కష్టం కాదు, పైపెచ్చు ఎక్కువై బూజు పడుతుంది. అడుగున పరవడానికి మీ ఉద్దానం కొబ్బరి పొట్టుకు మించింది లేదు. పట్నాల్లో ఇటుకల్లా నొక్కి డబ్బు పెట్టి కొనేది అదే. ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్లు కడిగి, ఎండబెట్టి, మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి. పిడికిట పడితే ముద్ద కట్టాలి, పిండితే నీళ్లు కారకూడదు. దేవదారు రంపపు పొట్టు మాత్రం వద్దు, ఆ వాసన వీటికి విషం.

ఇక తిండి. కోడిమాంసం ముక్కలు కుదరవు. దీనికి ఎముకలు, పేగులు, బొచ్చుతో సహా మొత్తం జంతువు కావాలి, ఒంటికి కావలసిన సున్నం అక్కడి నుంచే వస్తుంది. అంటే ఎలుక. అదీ పెంచిన ఎలుక. పొలాల ఎలుకను ఒక్కసారి కూడా పెట్టొద్దు. పురుగులుంటాయన్నది ఒక భయం, అది అంతకు ముందు రాత్రి ఎవరి కళ్లంలో ఎలుకల మందు తిని వచ్చిందో తెలియకపోవడం అంతకంటే పెద్ద భయం. బతికున్న ఎలుకను పెట్టెలో వదిలి వెళ్లకండి. ఆకలి లేని పామును ఎలుక కొరికి, వెన్ను దాకా గుల్ల చేసిన సందర్భాలున్నాయి. చంపి గడ్డకట్టించిన ఎలుకలు వాడండి. మీ స్నేహితుడు ఎక్కడ తెస్తున్నాడో కనుక్కుని, ఆరు నెలలకు సరిపడా ఒకేసారి థర్మోకోల్ పెట్టెలో తెచ్చుకోండి. రెండేళ్ల పాముకు రెండు వారాలకు ఒకటి, దాని నడుము లావుకు మించని ఎలుక, చాలు. కిలో బరువున్న పాముకు 50 నుంచి 70 గ్రాములది. ఎక్కువ పెడితే బలుస్తుంది, బాగా పెరుగుతోందని మనం మురిసిపోతాం.

పెట్టే పద్ధతి ఇది. ముందు రోజు రాత్రి ఎలుకను ఫ్రీజర్ నుంచి కింది అరకు మార్చండి. మర్నాడు చీకటి పడ్డాక ప్లాస్టిక్ కవర్లో ముడేసి, చెయ్యి పెట్టగలిగే వేడినీళ్లలో పావుగంట ఉంచండి. మైక్రోవేవ్ జోలికి వెళ్లకండి, పగులుతుంది. తల భాగం వెచ్చగా ఉండాలి. ఎందుకంటే పాము పై పెదవి వెంట వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి, చీకట్లో వేడిని పసిగట్టేవి అవే. అడుగు పొడవున్న పటకారుతో ఎలుకను నడుము దగ్గర పట్టుకుని గూటి కన్నానికి జానెడు దూరంలో మెల్లగా కదపండి. ముందు నాలుక బయటికొస్తుంది, నిదానంగా, ఒకటికి రెండుసార్లు. తర్వాత మెడ వెనక్కి మడత పడుతుంది. ఆ పైన మీ కళ్లకు ఏమీ కనపడదు, పటకారు చేతిలో గుంజినట్టవుతుంది, చూసేసరికి ఎలుక చుట్టూ మూడు చుట్లు. అప్పుడు దీపం ఆర్పి బయటికి వచ్చెయ్యండి. తర్వాత రెండు రోజులు ముట్టుకోవద్దు.

తినకపోతే? ఈ ప్రశ్న మీరు కచ్చితంగా అడుగుతారు. బాల్ పైథాన్ పెంచేవాళ్లందరూ అర్ధరాత్రి అడిగే ప్రశ్న ఇదే. ఇల్లు మారితే తినదు, చలికాలం తినదు, కుబుసం ముందు తినదు, ఒక్కోసారి కారణం లేకుండా రెండు మూడు నెలలు తినదు. వంటింటి తూకం మీద వారానికోసారి బరువు చూసి గోడ కేలండర్‌లో రాసుకోండి. బరువు నిలకడగా ఉంటే టెన్షన్ పడకండి. పదో వంతు తగ్గితే అప్పుడు డాక్టర్. పామును చూసే పశువైద్యులు మనవైపు అరుదు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ గానీ విశాఖలో గానీ పాములను చూసేవారెవరో పామును తేకముందే ఫోన్ చేసి పేరు రాసుకోండి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలొస్తున్నా, పొలుసుల మధ్య నల్లటి గోమారుల్లాంటివి కదులుతున్నా ఆగొద్దు. కళ్లు నీలంగా పాలపొరలా మారితే మాత్రం అది జబ్బు కాదు, కుబుసానికి సిద్ధమవుతోంది. తేమ కొంచెం పెంచి వదిలెయ్యండి. కుబుసం విడిచాక కంటి మీద పొర కూడా వచ్చిందో లేదో ఆ కుబుసంలోనే వెతికి చూడండి.

ఇప్పుడు అమ్మ. ఆవిడ పాముకు ఎంత భయపడుతున్నారో నాకు తెలియదు గానీ, ఆవిడ ఫ్రిజ్‌లో చేపల కవర్ పక్కన ఎలుకల కవర్ చూసిన రోజు కన్నవారింటికి బస్సు ఎక్కడం ఖాయం. ఆ తప్పు ఆవిడది కాదు. పాత చిన్న ఫ్రిజ్ ఒకటి కొని మీ గదిలో పెట్టుకోండి. దానికి డబ్బు లేదంటే పాముకూ డబ్బు లేనట్టే. పాము పెట్టె తాళం చెవి ఎక్కడుంటుందో అమ్మకు చూపించండి. వేసవిలో పెట్టె కిందికి దిగాల్సి వస్తుందని ఇప్పుడే చెప్పండి, మే నెలలో చెబితే మోసం చేసినట్టుంటుంది. ఇంకోటి కూడా చెప్పాలి. ఇవి 20, 30 ఏళ్లు బతుకుతాయి. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో 60 దాటిన ఆడ బాల్ పైథాన్ ఒకటి 2020లో ఏడు గుడ్లు పెట్టింది. మీకు పెళ్లి కావాలి కదా, పెళ్లిచూపుల్లో దాచే సంగతి కాదు ఇది. ఇవన్నీ విన్నాక కూడా అమ్మ వద్దంటే, వద్దు. ఆ ఇల్లు ఆవిడది.

మామ్మకు నా నమస్కారాలు. పాము పాలు తాగదని చెప్పండి. తాగినట్టు కనిపించేవన్నీ రోజుల తరబడి నీళ్లు లేక ఎండిపోయినవి, పాలు వాటికి అరగవు. చవితినాడు చలిమిడి, చిమ్మిలి, పాలు పుట్టకే పోసుకోమనండి, మన పాముకు ఆ రోజు గిన్నె కడిగి మంచినీళ్లు పోయమనండి. పసుపు కుంకుమ దాని ఒంటికి రాయొద్దు. ఆవిడ చిన్నబుచ్చుకుంటే ఈ కబురు చెప్పండి: బెనిన్ దేశంలో విదా అనే ఊళ్లో అచ్చంగా ఈ పాములకే ఒక గుడి ఉంది. రాత్రిళ్లు అవి ఊళ్లోకి వెళ్లి ఎవరింట్లోనైనా దూరితే, ఆ ఇంటివాళ్లు జాగ్రత్తగా ఎత్తి మళ్లీ గుడికి తెచ్చి ఇస్తారు.

అక్క బిడ్డను పాము దగ్గరికి తీసుకురావద్దు. కాటుకు భయపడి కాదు, దీనికి విషం లేదు. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, ఐదేళ్లలోపు పిల్లలకు అది మంచిది కాదు. పామును ముట్టుకున్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. నీళ్ల గిన్నెను వంటింటి సింకులో కడగకండి.

ఇంట్లో అందరికీ కూర్చోబెట్టి చెప్పాల్సింది మరొకటుంది. గోధుమరంగు ఒళ్లు, ముదురు మచ్చలు, బొద్దుగా, నిదానంగా ఉండే పాము బాల్ పైథాన్. అదే మాట రక్తపింజరకూ సరిపోతుంది. అది మీ తోటల్లో, కొబ్బరి మట్టల కింద ఉంటుంది. మెట్ల కింద పాము కనిపిస్తే "మనదే, తప్పించుకుంది" అని చెయ్యి పెట్టకూడదు. ముందు వెళ్లి పెట్టె చూడాలి. పెట్టెలో ఉంటే బయటున్నది మనది కాదు. పెట్టె ఖాళీగా ఉన్నా చేత్తో పట్టుకోవద్దు, మీరు వచ్చేదాకా దూరంగా ఉండి చూస్తుండమనండి. ఇరుగుపొరుగుకూ ముందే చెప్పి ఉంచండి, లేకపోతే తప్పించుకున్న మీ పాముకు కర్ర దెబ్బలు తప్పవు.

జులైకి ఇంకా సమయం ఉంది కాబట్టి ఇలా చెయ్యండి. ఏప్రిల్ నెలాఖరుకు పెట్టె చేయించి, ఆరబెట్టి, చట్టీలు, పొట్టు, నీళ్లు, రెండు సెన్సర్లు పెట్టి మే నెలంతా ఖాళీగానే నడపండి. ఉదయం ఆరుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదికి రెండు వైపులా అంకెలు రాయండి. ముందు పదిహేను రోజులు మేడ మీద, తర్వాత పదిహేను రోజులు కింద. మధ్యాహ్నం మూడు గంటల అంకె కింది గదిలో కూడా 34 కంటే తగ్గకపోతే స్నేహితుణ్ని ఇంకొకరిని చూసుకోమనండి. తగ్గితే, పామును తెచ్చాక వారం పది రోజులు చేతిలోకి తీసుకోకుండా, నీళ్లు మార్చడం తప్ప మరేమీ చెయ్యకుండా వదిలేసి, అప్పుడు మొదటి ఎలుక పెట్టండి. జూన్ మొదటి వారంలో ఆ అంకెల కాగితం ఫొటో తీసి, నమోదు పత్రం సంగతి ఏమైందో రాసి నాకు పంపండి.